డిఫర్ అయితే సగం సీటు వచ్చినట్టేనా?

చదువుల శీర్షిక: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రతిసారీ వచ్చే ఎంసెట్ (ఇప్పుడు పేరు ఈఏపీసెట్) ప్రశ్నలు ఈసారి పక్కన పెట్టాను, ఏమీ అనుకోకండి. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల నుంచి వచ్చిన ఉత్తరాలు కొన్ని ఒకే విషయం మీద ఉన్నాయి, వాటికి జవాబు జనవరి మొదటి వారం దాటాక చెప్తే ఎవరికీ పనికిరాదు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు: అమెరికా కాలేజీలకి డిగ్రీ చదువు కోసం నవంబరు 1కి అటూఇటూగా ముందే అప్లై చేసుకునే పద్ధతి ఒకటుంది, దాన్ని ఎర్లీ అంటారు. డిసెంబరు మధ్యలో జవాబు వస్తుంది. సీటిచ్చాం అనొచ్చు, లేదు అనొచ్చు, లేదా ఇప్పుడే చెప్పలేం, మార్చిలో చెప్తాం అనొచ్చు. ఈ మూడోదాన్నే డిఫర్ అంటున్నారు.

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడే ఒక జూనియర్ కాలేజీలో ఎంపీసీ సెకండియర్. ఫస్టియర్లో 470కి 462 వచ్చాయి. అమెరికాలో ఒక పెద్ద యూనివర్సిటీకి ఎర్లీలో అప్లై చేసింది. ధనుర్మాసం మొదలైన రెండో రోజు, తెల్లవారుజామున అయిదున్నరకి రిజల్ట్. వాళ్ళమ్మ అప్పటికే ముగ్గేసి దీపం పెట్టింది, అందరం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. డిఫర్డ్ అని వచ్చింది. పాప ఏడ్చింది. కాదనలేదు కదా, సగం సీటు వచ్చినట్టే అని నేనన్నాను. బెంగళూరులో ఉండే మా బావమరిదేమో డిఫర్ అంటే మర్యాదగా పొమ్మనడమే అంటున్నాడు. మా ఇద్దరిలో ఎవరిది కరెక్టు? ఎంత శాతం ఛాన్సుంటుంది? (ఒక తండ్రి, తిరుపతి)

జవాబు: బావమరిదితో పందెం మాత్రం కాయకండి, ఓడేది మీరే. అలాగని ఆయన మాట కూడా పూర్తిగా నిజం కాదు. డిఫర్ చేశారంటే మీ అమ్మాయి అప్లికేషన్ని తీసుకెళ్ళి జనవరిలో అప్లై చేసేవాళ్ళ కట్టలో కలిపేస్తారు, వాళ్ళతో పాటు మళ్ళీ చదువుతారు, వాళ్ళతో పాటే మార్చి నెలాఖరుకి జవాబు చెప్తారు. ముందు అప్లై చేసింది కదా అని ఆ కట్టలో పైన పెట్టరు, ఒకసారి ఆపాం కదా అని అడుగునా పడేయరు.

మన ఊళ్ళో ఎవరికి చెప్పినా వెంటనే వైకుంఠం క్యూ కాంప్లెక్సుతో పోలుస్తున్నారు. నాకే ముగ్గురు చెప్పారు: టోకెన్ దొరకలేదు సార్, కంపార్ట్‌మెంట్లో కూర్చోబెట్టారు, ఎప్పుడో ఒకప్పుడు గేటు తీస్తారు అని. వినడానికి బాగానే ఉంటుంది గానీ అక్కడే తప్పులో కాలేస్తున్నాం. కంపార్ట్‌మెంట్లో పద్దెనిమిది గంటలు కూర్చున్నా, పిల్లకి పాలు పట్టి, మనం ఇంత ఉప్మా తిని ఓపిక పట్టామంటే దర్శనం ఖాయం, మన ముందు కంపార్ట్‌మెంట్ వాళ్ళు వెళ్ళాక మన వంతు వస్తుంది. డిఫర్ అయినవాళ్ళకి వంతు లేదు. ఓపిక పట్టినందుకు మార్కులూ లేవు.

శాతం అడిగారు. మీ కాలేజీ పేరు ఇక్కడ వేయడం లేదు, లెక్కలు బయటికొచ్చిన హార్వర్డ్‌ని తీసుకుని చూద్దాం. 2022 డిసెంబర్లో అక్కడ ఎర్లీలో 9,553 మంది అప్లై చేస్తే 722 మందికి సీటిచ్చారు, దాదాపు 78 శాతం మందిని డిఫర్ చేశారు, అంటే ఏడు వేల పైచిలుకు. ఆ ఏడాది ఎర్లీ, రెగ్యులర్ (జనవరిలో అప్లై చేసేది) కలిపి మొత్తం అప్లికేషన్లు 56,937, సీటు ఇచ్చింది 1,942 మందికి. అందులో డిసెంబర్లోనే ఇచ్చేసిన 722 తీసేస్తే మార్చికి మిగిలింది 1,220. వాటి కోసం జనవరిలో కొత్తగా వచ్చినవాళ్ళు నలభై ఏడు వేల మంది, డిఫర్ అయిన ఈ ఏడు వేల మంది. చీటీ మీద భాగించి చూసుకోండి, వందకి ఇద్దరు, ఆ పైన కొసరు. మీరన్న సగం ఎక్కడుందో నాకైతే కనపడలేదు.

అయితే కాలేజీని బట్టి డిఫర్ అన్న మాటకి బరువు మారుతుంది, మీ బావమరిది వదిలేసింది ఇదే. యేల్‌లో 2023 డిసెంబర్లో 7,856 మంది ఎర్లీ అప్లై చేస్తే 709 మందికి సీటొచ్చింది, డిఫర్ చేసింది అయిదో వంతు మందినే, మిగతావాళ్ళకి అప్పుడే లేదని చెప్పేశారు. స్టాన్‌ఫర్డ్ కూడా కొద్దిమందినే అట్టిపెడుతుంది. జార్జ్‌టౌన్ అయితే ఎన్నో ఏళ్ళుగా ఎర్లీలో సీటివ్వని ప్రతివాళ్ళనీ డిఫరే చేస్తూ వచ్చింది. కాబట్టి అందరినీ డిఫర్ చేసే చోట డిఫర్ అయితే కాలేజీ మీకు ఇంకా ఏమీ చెప్పలేదని అర్థం. తక్కువమందిని ఉంచుకునే చోట డిఫర్ అయితే ఎవరో ఒకరు ఆ అప్లికేషన్ మీద రెండోసారి చెయ్యి వేసి ఆలోచించారని అర్థం. మీ అమ్మాయి కాలేజీ ఏ రకమో ముందు కనుక్కోండి, కాలేజీ వెబ్‌సైట్లోనో అక్కడి విద్యార్థుల పత్రికలోనో చాలాసార్లు ఈ లెక్క దొరుకుతుంది.

మన ఇళ్ళల్లో మొహమాటపడే విషయం ఇంకోటుంది, డబ్బు. ఫీజు కట్టలేం, సాయం కావాలి అని అప్లికేషన్లో రాశారా? విదేశీ పిల్లల విషయంలో ఆ మాట చూడకుండా సీటు నిర్ణయించే కాలేజీలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. హార్వర్డ్, యేల్, ప్రిన్‌స్టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ లాంటివి. మిగతా చాలా చోట్ల సాయం అడిగిన విదేశీ విద్యార్థికి సీటు ఇవ్వాలంటే ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలో కూడా చూసుకుంటారు, అందుకని కూడా డిసెంబర్లో తేల్చకుండా మార్చికి తోసేస్తారు. పిల్ల తెలివి తక్కువై కాదు. అది పాపకి చెప్పండి.

ఇక చేయాల్సిన పని. మిడ్ ఇయర్ రిపోర్ట్ అని ఒకటి వెళ్ళాలి, అంటే ఇంటర్ సెకండియర్లో ఇప్పటిదాకా వచ్చిన మార్కులు. దీన్ని పిల్లలు పంపకూడదు, ఇక్కడ చదివే కాలేజీ తరఫున ప్రిన్సిపాలో కౌన్సెలరో పంపాలి. మనవాళ్ళ పడవ మునిగేది ఇక్కడే. రెండేళ్ళ కిందట ఒక అబ్బాయి కోసం నేనే వాళ్ళ కాలేజీ ఆఫీసుకి వెళ్ళాను. ప్రిన్సిపాల్ గారి మెయిల్ చూసేది ఆఫీసు అసిస్టెంటు, ఆయనేమో ఇంటర్ బోర్డు నుంచి వచ్చేవి తప్ప ఇంకేవీ తెరవడు. స్పామ్‌లో చూడమంటే చూశాడు, మీకు లాటరీ తగిలింది అనే మెయిల్‌కీ బ్యాంకు లోన్ మెయిల్‌కీ మధ్యలో కామన్ యాప్ (అమెరికా కాలేజీలకి అప్లికేషన్లు పంపే వెబ్‌సైట్) వాళ్ళ మెయిల్ నెల రోజులుగా పడి ఉంది. సరే దొరికింది కదా అంటే మార్కులు లేవు. హాఫ్ ఇయర్లీ మార్కులు ఒక పొడుగాటి రిజిస్టర్లో పెన్సిల్‌తో ఉన్నాయి, రోల్ నంబర్లే గానీ పేర్లు లేవు, ఫిజిక్స్ గడి ఖాళీ. ఫిజిక్స్ సార్ సెలవు పెట్టి ఊరెళ్ళారు. ఆయనకి ఫోన్ చేసి, ఆన్సర్ పేపర్ల కట్ట ఏ బీరువాలో ఉందో అడిగి, వెతికించి, మార్కులు లెటర్‌హెడ్ మీద టైపు చేయించి, సంతకం, సీలు వేయించి, స్కాన్ తీసి, ప్రిన్సిపాల్ గారి లాగిన్ నుంచే అప్‌లోడ్ చేయించేసరికి సాయంత్రం ఏడయింది. ఆయన మంచివాడు, పాపం, ఆయనకి ఎవరూ చెప్పలేదంతే. సంక్రాంతి సెలవులు ఇవ్వకముందే మీరు ఒక పూట పని మానుకుని వెళ్ళి కూర్చోండి.

ఆ తర్వాత మిగతా కాలేజీల మాట. చాలావాటికి జనవరి 1 నుంచి 5 లోపు గడువు. డిఫర్ అయిన చోటు గురించి రోజూ మాట్లాడుకుంటూ వీటిని ఆఖరి రాత్రికి పెట్టుకునేవాళ్ళని ఏటా చూస్తున్నాను, నాకు కోపం వచ్చేది దీనికే. ఒక్కో అప్లికేషన్‌కి 75 డాలర్లు, 85 డాలర్లు, అంటే ఆరేడు వేలు పోస్తున్నారు, దానికి తగ్గ టైం కూడా పెట్టాలి కదా. ఇరవై చోట్ల పెట్టక్కర్లేదు. సీటొస్తే నిజంగా వెళ్ళే చోట్లు, ఖర్చు తట్టుకోగలిగే చోట్లు ఆరేడు చాలు. ఫీజు కట్టడమే కష్టమైతే మాఫీ అడిగే వీలు ఉంది, అడగండి.

ప్రశ్న: సార్, నేను కూడా డిఫర్ అయ్యాను. కాలేజీకి మళ్ళీ ఒక ఉత్తరం రాయొచ్చని తెలిసి మూడు పేజీలు రాశాను, మీకు పంపుతున్నాను, బాగుందా చెప్పండి. (ఇంటర్ విద్యార్థి, చిత్తూరు దగ్గర పల్లె)

జవాబు: చదివాను నాయనా, రెండుసార్లు. మొదటి పేజీ అంతా ఆ కాలేజీ ఎంత గొప్పదో రాశావు. అది వాళ్ళకి తెలుసు. రెండో పేజీలో చిన్నప్పటి నుంచి అక్కడ చదవాలన్నది నీ కల అన్నావు. అప్లై చేసిన ప్రతివాడూ ఇదే రాస్తాడు, అందులో సగం మందికి ఆ కాలేజీ పేరు తెలిసింది టెన్త్ తర్వాతే. మూడో పేజీలో నన్ను డిఫర్ చేయడం నన్ను కుంగదీసింది అని ఒక పేరా ఉంది, అది మీ అమ్మతో చెప్పుకో, వాళ్ళతో వద్దు. అన్నీ అయిపోయాక, చివరి నుంచి రెండో లైన్లో, ఏదో గుర్తొచ్చి రాసినట్టు ఒక మాట రాశావు. కాటా చీటీల షీటు గురించి.

ఉత్తరం అక్కడ మొదలవ్వాలి. మన వైపు చదివేవాళ్ళకి వివరించక్కర్లేదు గానీ వేరే జిల్లాల వాళ్ళ కోసం చెప్తున్నాను. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోతే ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేట్టు నిర్ణయించారు. ఒకే లోడుకి డబ్బు రెండు వైపుల నుంచి, రెండు వేర్వేరు రోజుల్లో రావాలి. రైతు చేతిలో ఉండే ఆధారం కాటా దగ్గర ఇచ్చే చీటీ ఒక్కటే. ఆ చీటీ చొక్కా జేబులో రెండు రోజులుంటే చెమటకి అక్షరాలు లేచిపోతాయి. ఈ అబ్బాయి వాళ్ళ తాత చీటీల్ని ఫోన్‌తో ఫోటో తీసి, తేదీ, ట్రాక్టర్ నంబరు, బరువు, రావాల్సింది, వచ్చింది అని ఒక షీటులో ఎక్కించాడు. అందులో ఒక టన్నున్నర లోడుకి డబ్బు పడలేదని తేలింది. నవంబర్లో అప్లై చేసేటప్పటికి పన్నెండు మంది రైతులు ఈ షీటు వాడుతున్నారు, ఇప్పుడు నలభై ఒక్క మంది.

పన్నెండు నుంచి నలభై ఒకటి. కాలేజీకి తెలియనిది, నవంబరు తర్వాత జరిగినది ఇదొక్కటే నీ దగ్గరుంది. ఇంక ఏం కావాలి నీకు?

ఇలా మార్చు. మొదటి వాక్యంలో డిఫర్ అయ్యానని, అక్కడ చదవాలన్న ఉద్దేశం ఇప్పటికీ ఉందని చెప్పు. సీటిస్తే తప్పకుండా వస్తాను అనే మాట నిజమైతేనే రాయి, డబ్బు సాయం మీద ఆధారపడి ఉంటే ఆ మాట జోలికి పోకు. తర్వాత షీటు సంగతి, పన్నెండు మందికి సరిపోయిన షీటు నలభై మందికి ఎందుకు సరిపోలేదో, ఏం మార్చావో రాయి. ఒక ముసలాయనకి స్మార్ట్‌ఫోన్ లేకపోతే ఆయన మనవరాలి ఫోన్ నుంచి ఎక్కించే ఏర్పాటు చేశానని రాశావు చూడు, ఆ వాక్యాన్ని అలాగే ఉంచు, ఒక్క అక్షరం మార్చకు. తర్వాత హాఫ్ ఇయర్లీ మార్కులు ఒక వాక్యంలో. ఆ కాలేజీలో నువ్వు చేయాలనుకునేది ఏదైనా ఒకటి, పేరుతో సహా, వాళ్ళ వెబ్‌సైట్లో ఉన్న పొగడ్తలు కాకుండా. అయిపోయింది. మొత్తం ఒక పేజీ దాటకూడదు.

పంపేముందు కాలేజీ పంపిన డిఫర్ లెటర్ మళ్ళీ చదువు, అందులో ఏం పంపమన్నారో ఉంటుంది. కొన్ని కాలేజీలు ఏమీ పంపొద్దని చెప్తాయి, అప్పుడు పంపకూడదు, వద్దన్నా పంపడం చొరవ అనిపించుకోదు. ఎంఐటీ లాంటి చోట దీనికి విడిగా ఒక ఫారమే ఉంది, ఫిబ్రవరి అప్‌డేట్స్ అండ్ నోట్స్ అని, పొట్టిగా ఫన్ అంటారు (నింపేటప్పుడు ఫన్ ఏమీ ఉండదు), అక్కడ ఆ ఫారంలోనే రాయాలి. పోర్టల్లో అప్‌లోడ్ చేసే చోటుంటే అక్కడ పెట్టు, లేకపోతే మెయిల్ చెయ్యి. ఒక్కసారే. వారం వారం పంపేవాళ్ళని నాకు తెలుసు, ఒకమ్మాయి వాళ్ళ నాన్న సంక్రాంతి శుభాకాంక్షలు కూడా పంపాడు.

ప్రశ్న: మా ఎంపీ గారు మాకు బాగా దగ్గర. డిఫర్ అయిన మా అబ్బాయి గురించి ఆయన లెటర్‌హెడ్ మీద సిఫార్సు రాయించి పంపితే ఏమైనా బలం వస్తుందా? (శ్రీకాళహస్తి)

జవాబు: రాదు. కొండ మీద బ్రేక్ దర్శనానికి పనిచేసే కాగితం అట్లాంటిక్ దాటితే పనిచేయదు. మీ అబ్బాయి క్లాసులో ఎలా ఉంటాడో తెలియని పెద్దమనిషి ఎంత పొగిడినా వాళ్ళకి అందులో తెలుసుకునేది ఏమీ ఉండదు, పైగా ఈ కుర్రాడి గురించి చెప్పడానికి స్కూల్లో ఎవరూ దొరకలేదా అనే అనుమానం వస్తుంది. ఇంకో సిఫార్సు తీసుకుంటామని కాలేజీ చెప్పి ఉంటేనే, ఈ సంవత్సరం పాఠం చెప్పిన లెక్కల సారుతోనో కెమిస్ట్రీ మేడంతోనో రాయించండి. సార్ ఇంగ్లీషు కొంచెం అటూఇటూగా ఉన్నా ఫరవాలేదు, ఫలానా రోజు ఫలానా లెక్కని వీడు బోర్డు మీద వేరే దారిలో చేశాడు అని ఒక్క సంగతి రాస్తే చాలు. ఎంపీ గారికి మాత్రం ఊరికే నమస్కారం చెప్పి రండి, ఆ సంబంధం ఇంకో పనికి ఉంటుంది.

ప్రశ్న: నేను ఎర్లీ డిసిషన్‌లో అప్లై చేశాను, సీటొస్తే తప్పక చేరతానని సంతకం పెట్టాను, నాన్న కూడా పెట్టారు. ఇప్పుడు డిఫర్ అయింది. ఆ సంతకం ఇంకా చెల్లుతుందా? ఇంకో చోట ఎర్లీ డిసిషన్ టూ పెట్టొచ్చంటున్నారు, పెట్టనా? డిఫర్, వెయిట్‌లిస్ట్ ఒకటేనా? (విద్యార్థిని, పుత్తూరు)

జవాబు: చెల్లదమ్మా. డిఫర్ అయిన క్షణం నుంచి ఆ ఒప్పందం తీరిపోయింది. మార్చిలో వాళ్ళే సీటిచ్చినా, ఇంకో నాలుగు చోట్ల వచ్చినవాటితో పోల్చి, ఎవరు ఎంత సాయం చేస్తున్నారో చూసుకుని నిర్ణయించుకోవచ్చు. నీ విషయంలో డిఫర్ వల్ల జరిగిన మంచి అదొక్కటే, చిన్నదేమీ కాదు.

ఎర్లీ డిసిషన్ టూ సంగతి. న్యూయార్క్ యూనివర్సిటీ, వాండర్‌బిల్ట్, ఎమరీ, జాన్స్ హాప్కిన్స్, షికాగో లాంటి చోట్ల ఇది ఉంది, గడువు జనవరి మొదట్లో, జవాబు ఫిబ్రవరి మధ్యకి వస్తుంది. పెట్టడానికి నీకు అడ్డేమీ లేదు. కానీ మళ్ళీ అదే సంతకం, అదే కట్టుబాటు, అక్కడ సీటొస్తే మొదటి కాలేజీతో సహా అన్ని అప్లికేషన్లూ వెనక్కి తీసుకోవాలి. ఇచ్చిన సాయం ఇంటికి సరిపోకపోతే విడుదల చేయమని అడగొచ్చు, చేస్తారు కూడా, అయినా నాన్నతో కూర్చుని, కాలేజీ వెబ్‌సైట్లో ఉండే ఖర్చు లెక్కగట్టే కాలిక్యులేటర్ విదేశీవాళ్ళకి పనిచేస్తే అది నింపి చూసి, ఏడాదికి ఎంత వరకు పెట్టగలమో ఒక అంకె కాగితం మీద రాసుకున్నాకే పెట్టు. డిసెంబర్లో వచ్చిన ఉక్రోషంలో పెట్టొద్దు. ఆ ఉక్రోషం సంక్రాంతి ముగ్గులకే తగ్గిపోతుంది, సంతకం మాత్రం ఉంటుంది.

డిఫర్, వెయిట్‌లిస్ట్ వేరు వేరు. డిఫర్ డిసెంబర్లో వచ్చేది, మార్చిలో నీ అప్లికేషన్‌ని అందరితో పాటు చూస్తారు. వెయిట్‌లిస్ట్ మార్చిలో వచ్చేది, సీట్లన్నీ ఇచ్చేశాక, ఇచ్చినవాళ్ళలో ఎవరైనా చేరకపోతే మే తర్వాత పిలుస్తామని. డిఫర్ అయినవాళ్ళని మార్చిలో వెయిట్‌లిస్టులో పెట్టడం కూడా జరుగుతుంది. అప్పుడు ఇంకో ఉత్తరం రాయి నాకు.

ప్రశ్న: ఇక్కడొక కన్సల్టెన్సీ వాళ్ళు 60 వేలు కడితే డిఫర్ మీద అప్పీల్ వేసి సీటు తెప్పిస్తామంటున్నారు. (తిరుపతి)

జవాబు: డిఫర్ మీద అప్పీలే ఉండదు. ఆ 60 వేలతో ఎనిమిది చోట్ల అప్లికేషన్ ఫీజు కట్టుకోవచ్చు.

ప్రశ్న: డిసెంబరు నుంచి మా పాప జేఈఈ పుస్తకం ముట్టడం లేదు. మార్చిలో అమెరికా సీటు వస్తుంది, ఇదెందుకు అంటుంది. మొన్న పెళ్ళిలో మా ఆడపడుచు అందరిముందూ అమెరికా సీటు ఏమైంది అని అడిగితే లేచి వెళ్ళిపోయింది. ఎలా చెప్పాలో తెలియడం లేదు. (ఒక తల్లి, తిరుపతి)

జవాబు: అమ్మా, పాపకి ఛాన్సు లేదని చెప్పకండి, వస్తుందనీ చెప్పకండి. క్యాలెండర్ ముందు పెట్టండి చాలు. జనవరి చివర్లో జేఈఈ మెయిన్ మొదటి విడత, తర్వాత ఇంటర్ ప్రాక్టికల్స్, ఫిబ్రవరి ఆఖరు నుంచి మార్చిలో పబ్లిక్ పరీక్షలు, మార్చి నెలాఖరుకి అమెరికా జవాబు, ఏప్రిల్లో మెయిన్ రెండో విడత, మేలో అడ్వాన్స్‌డ్, ఎంసెట్. అమెరికా జవాబు వచ్చేసరికి మెయిన్ ఒక విడత అయిపోయి ఉంటుంది. అప్పుడు లేదు అని వస్తే వెనక్కి తిరిగి చదవడానికి జనవరి ఉండదు.

ఇంకో చిక్కు కూడా ఉంది, ఇది తల్లిదండ్రులకే చెప్తున్నాను. అమెరికాలో సీటొస్తే చేరతామో లేదో చాలా కాలేజీలకి మే 1 లోపు చెప్పి అడ్వాన్సు కట్టాలి. మన అడ్వాన్స్‌డ్ పరీక్షే ఆ తర్వాత, ఐఐటీ సీట్ల కేటాయింపు జూన్‌లో. అంటే ఏర్పేడు ఐఐటీలో సీటొస్తుందో లేదో తెలియకముందే అమెరికాకి అవునో కాదో చెప్పాలి. కట్టిన అడ్వాన్సు మామూలుగా తిరిగిరాదు. ఆ డబ్బు పోయినా ఫరవాలేదా అన్నది మీరూ వాళ్ళ నాన్నా ఇప్పుడే మాట్లాడుకుని పెట్టుకోండి, పాప ముందు ఏప్రిల్ 30 రాత్రి పోట్లాడుకోవద్దు.

ఆడపడుచు గారికి ఏం చెప్పాలంటారా? మార్చిలో తెలుస్తుంది వదినా, ముందు మీ వాడి పెళ్ళి సంబంధం ఎంతవరకొచ్చింది అని అడగండి.

ప్రశ్న: నాది ఎంఐటీలో డిఫర్ అయింది. మార్చి రిజల్ట్ మనకి ఏ టైంకి వస్తుంది? రాత్రంతా మేలుకోవాలా? (విద్యార్థి, తిరుపతి)

జవాబు: ఎంఐటీ వాళ్ళకి లెక్కల పిచ్చి కదా, లెక్కల్లో వచ్చే పై (π) విలువ 3.14 కాబట్టి మార్చి 14న (3/14), దానికి రెట్టింపు 6.28 కాబట్టి సాయంత్రం 6 గంటల 28 నిమిషాలకి ఇస్తూ వస్తున్నారు. మనకి అది 15వ తేదీ తెల్లవారుజామున 3.58. కొండ మీద సుప్రభాతం కూడా అయిపోయి ఉంటుంది అప్పటికి. కానీ నీకు అది ఇంటర్ పరీక్షల నడిమధ్య, హాల్‌టికెట్ తీసి ఆ వారంలో ఏ పేపర్లున్నాయో ముందు చూసుకో. ఫోన్ అమ్మ దగ్గర పెట్టి పడుకో. పాస్‌వర్డ్ మాత్రం ఆమెకి చెప్పకు, నీకంటే ముందు మీ వీధి అంతటికీ తెలిసిపోతుంది.